డ్రమ్ములో 104 మీటర్ల మంచు: ఐస్ రాడార్ బెంచి మోడల్ ప్రాజెక్టు డైరీ

అంటార్కిటికాలో సముద్రం మీద తేలే మంచు పలకలు కింది నుంచి ఎంత కరుగుతున్నాయో మిల్లీమీటర్ల లెక్కన కొలిచే రాడార్ ఏపీరెస్. బ్రిటిష్ అంటార్కిటిక్ సర్వే, యూనివర్సిటీ కాలేజ్ లండన్ కలిసి తయారుచేశాయి. 200 మెగాహెర్ట్జ్ నుంచి 400 మెగాహెర్ట్జ్ దాకా ఒక సెకను పాటు ఫ్రీక్వెన్సీని పెంచుకుంటూ పంపుతుంది. మంచు అడుగును తాకి వెనక్కి వచ్చేసరికి పంపే ఫ్రీక్వెన్సీ కాస్త పైకి జరిగిపోయి ఉంటుంది. రెండింటినీ మిక్సర్‌లో కలిపితే మిగిలే తేడానే బీట్. ఆ బీట్ చెవికి వినిపించే పరిధిలో ఉంటుంది కాబట్టి, పనిముట్ల ఖర్చు మన అందుబాటులోకి వస్తుంది.

ఈ డైరీలో ఉన్నది అదే సూత్రంతో బల్ల మీద కట్టిన మోడల్. మంచు బదులు కేబుల్ టీవీ వైరు. యాంటెన్నా లేదు, పెట్టకండి కూడా: ఈ బ్యాండులో గాల్లోకి పంపాలంటే టెలికమ్యూనికేషన్ల శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం అనుమతి కావాలి. అంతా కేబుల్లోనే తిరుగుతుంది. డైరీలో ఎక్కువ భాగం దొంగ ఎకోల (లేని మంచు అడుగును ఉన్నట్టు చూపే బీట్ల) గురించే ఉంటుంది, ఎందుకంటే ఎక్కువ సమయం వాటికే పోయింది.

గోడకు అంటించుకోవలసిన అంకెలు:

- గట్టి మంచులో రేడియో తరంగం వేగం: మైక్రోసెకనుకు 168 మీటర్లు (వక్రీభవన గుణకం 1.78)
- 1 హెర్ట్జ్ బీట్ = 0.42 మీ. లోతు
- 500 మీ. మంచు = 1,187 హెర్ట్జ్; 1 కి.మీ. = 2,375 హెర్ట్జ్
- ఫేజ్‌లో 1 డిగ్రీ = 0.78 మి.మీ. లోతు (మధ్య ఫ్రీక్వెన్సీ 300 మెగాహెర్ట్జ్ దగ్గర; ఫేజ్ అంటే తరంగం తన చుట్టులో ఎక్కడుందో చెప్పే కోణం)

దశ 1: స్వీప్ పుట్టించడం

1. వేడి మారినా నిలకడగా ఉండే 10 మెగాహెర్ట్జ్ టీసీఎక్స్‌ఓ క్లాకును ఏడీ9910 డీడీఎస్ (అంకెల నుంచి తరంగాన్ని పుట్టించే చిప్) బోర్డుకు ఇచ్చి, క్లాకును గుణించే లోపలి పీఎల్ఎల్‌ను 100 రెట్లకు పెట్టాం. సిస్టమ్ క్లాకు 1 గిగాహెర్ట్జ్.
2. డిజిటల్ ర్యాంప్ కింది హద్దు 858993459 (200 మెగాహెర్ట్జ్), పై హద్దు 1717986918 (400 మెగాహెర్ట్జ్).
3. అవుట్‌పుట్ → లోపాస్ ఫిల్టర్ → 20 డీబీ (సిగ్నల్ బలం పెరుగుదల, తగ్గుదలలను చెప్పే లాగరిథమ్ లెక్క) యాంప్లిఫయర్ → రెసిస్టర్లతో చేసిన స్ప్లిటర్. ఒక పాయ కేబులుకు, రెండోది 2 డీబీ ప్యాడ్ (సిగ్నల్ బలం తగ్గించే రెసిస్టర్ల ముక్క) గుండా ఏడీఈ-1 మిక్సర్ ఎల్ఓ (పోల్చడానికి అసలు సిగ్నల్ అందుకునే) కాలుకు. ఆ మిక్సర్‌కు +7 డీబీఎం (1 మిల్లీవాట్‌తో పోల్చిన డీబీ) కావాలి. కేబులుకు వెళ్లేది +9 డీబీఎం.

మొదటి తప్పు మూడో రిజిస్టరులో జరిగింది. ఫ్రీక్వెన్సీ మెట్లు మెట్లుగా ఎక్కుతుంది, ఎంతసేపటికో మెట్టు అన్నది అందులో పెడతాం. మెట్టు ఎంత చిన్నదైతే స్వీప్ అంత నున్నగా ఉంటుందని మెట్టు వ్యవధిని కనిష్ఠానికి, అంటే 4 నానోసెకన్లకు పెట్టాం. అప్పుడు ఒక్కో మెట్టుకు కలపవలసిన అంకె 3.44. రిజిస్టరు పూర్ణాంకమే తీసుకుంటుంది. 3 పెడితే స్వీప్ 1.145 సెకన్లు సాగుతుంది, 4 పెడితే 0.859 సెకన్లకే అయిపోతుంది. లోతుల లెక్క అంతా 14 శాతం పక్కకు పోతుంది. మెట్లు పెద్దవి చేస్తేనే పూర్ణాంకంలో పోయే భాగం తగ్గుతుంది: 40 మైక్రోసెకన్లకు ఒక మెట్టు, మెట్టుకు 8 కిలోహెర్ట్జ్ (అంకె 34360), మొత్తం 25,000 మెట్లు. ఇప్పుడు తప్పు మిలియన్‌లో 8 వంతులు. (ఈ 40 మైక్రోసెకన్లే దశ 4లో మళ్లీ కొంప ముంచుతుంది.)

రెండోది లోపాస్ ఫిల్టర్ లేకుండా నడపడం. 1 గిగాహెర్ట్జ్ క్లాకు మీద 400 మెగాహెర్ట్జ్ పుట్టిస్తుంటే 600 దగ్గర దాని ప్రతిబింబం కూడా ఉంటుంది, అసలు కంటే 3.5 డీబీయే తక్కువ. తమాషా ఏమిటంటే ప్రతిబింబం కూడా సరిగ్గా అదే బీట్ ఇస్తుంది, తలకిందులైన ఫేజ్‌తో. కాబట్టి స్పెక్ట్రమ్‌లో శిఖరం సరైన చోటే కనిపిస్తుంది, ఫేజ్ మాత్రం పనికిరాదు. శిఖరం చూసి మురిసిపోతే ఈ తప్పు ఎప్పటికీ దొరకదు. 450 మెగాహెర్ట్జ్ దగ్గర కోసే ఏడో ఆర్డర్ ఫిల్టర్ పెట్టాక కుదురుకుంది.

ఇప్పటికి ఖర్చు: బోర్డు 9,500 + మిక్సర్, యాంప్లిఫయర్లు, కనెక్టర్లు 4,200 = రూ. 13,700.

దశ 2: డ్రమ్ము

ఆర్‌జీ-6 కేబుల్, 305 మీటర్ల డ్రమ్ము (కేబుల్ చుట్టిన రీలు). ఇంట్లో టీవీకి వచ్చేదే. 50 ఓంల ఆర్‌జీ-58 వాడితే కొన్ని తలనొప్పులు తప్పేవి, కానీ నష్టం చాలా ఎక్కువ. ఆర్‌జీ-6లో 300 మెగాహెర్ట్జ్ దగ్గర 100 మీటర్లకు సుమారు 11.5 డీబీ పోతుంది.

1. టేపుతో కొలిచి సరిగ్గా 100 మీటర్లు కోయండి. తొడుగు మీద అచ్చేసిన మీటర్లను నమ్మవద్దు.
2. ముందు కేబుల్ లేకుండా చిన్న ప్యాచ్ తీగతో బీట్ తీసుకోండి. తర్వాతి కొలతలన్నిటిలోంచి అది తీసేయాలి.
3. 100 మీటర్ల ముక్క పెట్టి బీట్ చూడండి.
4. మిగిలిన 205 మీటర్లను ఎఫ్ బ్యారెల్ (రెండు కేబుల్ చివర్లను కలిపే కనెక్టర్)‌తో కలిపి మళ్లీ చూడండి.

100 మీటర్లకు 81.4 హెర్ట్జ్ వచ్చింది. స్వీప్ రేటు సెకనుకు 200 మెగాహెర్ట్జ్ కాబట్టి ఆలస్యం 407 నానోసెకన్లు, వేగ గుణకం (కాంతి వేగంలో ఎన్నో వంతు) 0.82. లేబుల్ చెప్పింది 0.85. లేబుల్‌ను నమ్మి ఉంటే డ్రమ్ము పొడవు 11 మీటర్లు ఎక్కువగా లెక్కకొచ్చేది. అసలు మంచు మీద కూడా ఇదే తగువు: వేగం 168 బదులు 169 అనుకుంటే కిలోమీటరు మంచులో 6 మీటర్లు తేడా పడుతుంది.

- 100 మీ. కేబుల్: 81.4 హెర్ట్జ్ = 34.3 మీ. మంచు
- 305 మీ. కేబుల్: 248.1 హెర్ట్జ్ = 104.5 మీ. మంచు

బీట్‌ను మొదట్లో సౌండ్ కార్డులోకే పంపాం: 40 డీబీ ఆడియో యాంప్లిఫయర్, లైన్ ఇన్, 48 కిలోహెర్ట్జ్ శాంప్లింగ్. ఎడమ చానెల్లో బీట్, కుడి చానెల్లో స్వీప్ మొదలైన క్షణాన్ని చెప్పే పల్స్. ఒక సెకను డేటాను బ్లాక్‌మన్ విండోతో (రెండు చివర్లనూ సున్నాకు దించే తూకంతో) గుణించి ఎఫ్‌ఎఫ్‌టీ తీయడం (ఏ ఫ్రీక్వెన్సీ ఎంత బలంగా ఉందో విడదీసే లెక్క), అంతే. కేబుల్ ఒక్కటే మార్గం కాబట్టి స్పెక్ట్రమ్‌లో ఒక్క శిఖరమే ఉండాలి.

ఖర్చు: 13,700 + 5,800 = రూ. 19,500.
దొంగ ఎకోలు: 1. తేలినవి: 0.

దశ 3: 244 హెర్ట్జ్ దగ్గరి దొంగ

100 మీటర్ల ముక్క మీద 81.4తో పాటు 244 దగ్గర ఇంకో శిఖరం కనిపించింది, అసలు దానికంటే 34 డీబీ కింద. మంచు లెక్కలో అది 103 మీటర్ల లోతు. పెద్ద డ్రమ్ము అసలు ఎకో 248 దగ్గర వస్తుంది కాబట్టి, ఏ కేబుల్ పెట్టామో రాసుకోకపోతే రెండూ ఒకటే అనుకుని ముందుకు పోయే ప్రమాదం ఉంది.

244 అంటే 81.4కి మూడింతలు. మూడింతల చోట శిఖరం రావడానికి రెండు వేర్వేరు కారణాలు ఉండొచ్చు:

- కేబుల్లో సిగ్నల్ చివరిదాకా వెళ్లి, కొంత వెనక్కి తన్నుకొచ్చి, మళ్లీ ముందుకు పోవడం. మొత్తం మూడు ప్రయాణాలు.
- ఎక్కడో సిగ్నల్ పరిమితి దాటి తల తెగడం. రెండు వైపులా సమంగా తెగిన సైన్ తరంగంలో మూడో హార్మోనిక్ పుడుతుంది.

విడదీసే మార్గం 6 డీబీ ప్యాడ్. కానీ దాన్ని ఎక్కడ పెడుతున్నామన్నది ముఖ్యం. సౌండ్ కార్డు ముందు పెడితే కార్డులో తెగడం ఆగుతుంది కానీ, మిక్సర్ లోపల జరిగేది ఆగదు. మిక్సర్‌లోకి అప్పుడు −2.5 డీబీఎం వెళ్తోంది. ఈ రకం మిక్సర్ సున్నా దాటగానే మొరాయించడం మొదలుపెడుతుంది. అందుకే ప్యాడ్ మిక్సర్ ఆర్‌ఎఫ్ కాలు (కేబుల్ నుంచి వచ్చేది అందుకునేది) ముందే పెట్టాలి. అసలు ఎకో 6 తగ్గితే మూడు ప్రయాణాల ఎకో కూడా 6 తగ్గుతుంది. హార్మోనిక్ అయితే 18 తగ్గుతుంది, లేదా మాయమవుతుంది.

20 డీబీ పెట్టాక శిఖరం −34 నుంచి −51కి దిగి అక్కడే ఆగిపోయింది. ఇంకో 6 పెట్టినా తేడా −51గానే ఉంది. అంటే రెండు కారణాలూ ఉన్నాయి, ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి. మిగిలిన −51కి లెక్క సరిపోతుంది: 75 ఓంల కేబుల్ 50 ఓంలను కలిసే ప్రతి చివరా 0.2 వంతు వెనక్కి కొడుతుంది, రెండు చివర్లకు −28 డీబీ. అదనపు రెండు ప్రయాణాల నష్టం 23 డీబీ. మొత్తం −51.

ఇక్కడ మామూలు 50 ఓంల ప్యాడ్ పెట్టి లాభం లేదు, కేబుల్‌కు ఎదురయ్యేది మళ్లీ 50 ఓంలే. కావలసింది 50–75 మ్యాచింగ్ ప్యాడ్:

1. 50 ఓంల వైపు, సిగ్నల్ నుంచి గ్రౌండుకు 86.6 ఓంలు.
2. అక్కడి నుంచి 75 ఓంల వైపుకు సిరీస్‌గా 43.2 ఓంలు.
3. రెండూ 1 శాతం ఎస్‌ఎండీ రెసిస్టర్లు. కాళ్లున్నవి పెడితే 400 దగ్గర కాళ్ల ఇండక్టెన్సే మ్యాచింగ్‌ను చెడగొడుతుంది.
4. ఒక్కోదానికి నష్టం 5.7 డీబీ. కేబుల్ రెండు చివర్లా పెట్టాలి.

పెట్టాక 244 దగ్గరి శిఖరం −80 కిందికి పోయింది.

ఖర్చు: 19,500 + 350 = రూ. 19,850.
దొంగ ఎకోలు: 2 (ఒకే చోట). తేలినవి: 2.

దశ 4: సౌండ్ కార్డు తీసేయడం

శిఖరం చోటు వరకైతే సౌండ్ కార్డు చాలు. ఫేజ్ కావాలంటే చాలదు. కార్డుకు దాని సొంత క్రిస్టల్ ఉంటుంది, మన టీసీఎక్స్‌ఓతో సంబంధం లేదు. కుడి చానెల్ పల్స్‌తో సరిచేసినా ఒక శాంపిల్ వరకు, అంటే 20.8 మైక్రోసెకన్ల వరకు, మొదలు ఎక్కడో తేలదు. 248 హెర్ట్జ్ బీట్ మీద అది 1.9 డిగ్రీలు, 1.5 మి.మీ. 500 మీటర్ల మంచు మీద 8.9 డిగ్రీలు, 7 మి.మీ. కరుగుదలను మిల్లీమీటర్లలో కొలవాలనుకునే చోట ఇది కుదరదు.

మార్పు: అదే 10 మెగాహెర్ట్జ్ క్లాకుతో నడిచే మైక్రోకంట్రోలర్, 16 బిట్ ఏడీసీ (వోల్టేజీని అంకెలుగా మార్చే చిప్). 10 మెగాహెర్ట్జ్‌ను 250తో భాగించి 40 కిలోహెర్ట్జ్ శాంప్లింగ్. ర్యాంప్ మొదలయ్యే పిన్ను కూడా అదే టైమర్ లేపుతుంది. ప్రతిసారి ర్యాంప్ అక్యుములేటర్‌ను ఖాళీ చేసి కింది హద్దు నుంచి మొదలుపెట్టాలి. ఫేజ్ అక్యుములేటర్‌ను ఖాళీ చేయనవసరం లేదు. మిక్సర్ రెండు కాళ్లకూ అదే సిగ్నల్ వెళ్తుంది కాబట్టి మొదటి ఫేజ్ కొట్టుకుపోతుంది.

ఫేజ్ కుదిరింది. కానీ 5, 10, 15 కిలోహెర్ట్జ్‌ల దగ్గర, ఒక్కోచోట 248 హెర్ట్జ్ అటూ ఇటూ, జంట శిఖరాలు లేచాయి. లోతు లెక్కలో 2.1, 4.2, 6.3 కి.మీ. చివరిది చూడగానే తోసేయొచ్చు. 4.2 కి.మీ. మందం మంచు మాత్రం తూర్పు అంటార్కిటికాలో నిజంగానే ఉంది, చూపుతో తోసేయలేం.

కారణం దశ 1లోని మెట్లు. ఫ్రీక్వెన్సీ 40 మైక్రోసెకన్లకోసారి మెట్టెక్కుతోంది, శాంపిల్ 25 మైక్రోసెకన్లకోసారి తీస్తున్నాం. కొన్ని శాంపిళ్లు మెట్టు మొదట్లో, కొన్ని చివర్లో పడతాయి. ఈ వరస 200 మైక్రోసెకన్లకోసారి తిరిగొస్తుంది, అదే 5 కిలోహెర్ట్జ్. మెట్ల 25 కిలోహెర్ట్జ్, దాని రెండింతలు, మూడింతలు శాంప్లింగ్‌లో మడతపడి 15, 10, 5 దగ్గర దిగాయి. సౌండ్ కార్డులో పదునైన ఫిల్టర్ ఉంటుంది కాబట్టి ఇన్నాళ్లూ అది వీటిని చప్పుడు లేకుండా కోసేసింది. మా ఏడీసీ ముందు ఉన్నది 10 కిలో ఓంలు, 1 నానోఫారడ్, అంతే.

మంచి ఫిల్టర్ పెట్టడం ఒక దారి. మేం మెట్టునే మార్చాం:

1. మెట్టు వ్యవధి 25 మైక్రోసెకన్లు (ర్యాంప్ రేటు అంకె 6250).
2. మెట్టుకు 5 కిలోహెర్ట్జ్ (అంకె 21475).
3. 40,000 మెట్లు, 40,000 శాంపిళ్లు. ఒక మెట్టుకు ఒక శాంపిల్, అదీ మెట్టు చివర్లో.

జంట శిఖరాలు మూడు చోట్లా పోయాయి.

ఖర్చు: 19,850 + 2,600 = రూ. 22,450.
దొంగ ఎకోలు: 3. తేలినవి: 3.

దశ 5: కరెంటు పొరలు

పెద్ద డ్రమ్ము మీద 84 డీబీ నష్టం పెట్టి (ఎందుకు 84 అన్నది దశ 6లో) నడిపినప్పుడు 50, 100, 150, 200 హెర్ట్జ్‌ల దగ్గర చిన్న శిఖరాలు బయటపడ్డాయి. మంచు లెక్కలో 21 మీటర్లకొకటి, చక్కగా పేర్చినట్టు. ధ్రువాల మంచులో పాత అగ్నిపర్వతాల ఆమ్లపు పొరలు రాడార్‌లో ఇలాగే వరసగా కనిపిస్తాయి కాబట్టి తెలియనివాళ్లకు నిజమనిపిస్తుంది. ఇంత సమదూరంలో ఉండటమే అనుమానించాల్సిన సంగతి. ఐదోది 250 దగ్గర, అంటే అసలు ఎకో 248.1 పక్కనే నక్కింది. బ్లాక్‌మన్ విండోలో శిఖరం ఒళ్లు అటూ ఇటూ 3 హెర్ట్జ్ ఉంటుంది కాబట్టి రెండూ కలిసిపోయి ఫేజ్‌ను లాగేస్తున్నాయి.

పరీక్ష: స్వీప్‌ను 2 సెకన్లకు సాగదీయండి (ర్యాంప్ రేటు 12500, శాంప్లింగ్ 20 కిలోహెర్ట్జ్). నిజమైన ఎకో 124 హెర్ట్జ్‌కు దిగుతుంది. కరెంటు హమ్ (ఇంటి కరెంటు 50 హెర్ట్జ్, దాని గుణిజాల రొద) కదలదు. 12 వోల్టుల బ్యాటరీకి మార్చి, ల్యాప్‌టాప్ చార్జర్ పీకేశాక పోయింది. అంటార్కిటికాలో ఈ బాధ ఎలాగూ లేదు; అక్కడ రాడార్ బ్యాటరీ మీదే ఉంటుంది.

ఇక్కడికి మూడు పరీక్షలు స్థిరపడ్డాయి. కొత్త శిఖరం ఏది కనిపించినా ఇవే:

1. స్వీప్ సమయం రెట్టింపు చేయి. బీట్ సగం కాకపోతే అది కేబుల్ నుంచి రాలేదు.
2. మిక్సర్ ముందు 6 డీబీ పెట్టు. సరిగ్గా 6 తగ్గకపోతే ఎక్కడో తల తెగుతోంది.
3. రెండు మ్యాచింగ్ ప్యాడ్ల మధ్య 3 మీటర్ల ఆర్‌జీ-6 కలుపు. నిజమైనది 2.4 హెర్ట్జ్ జరుగుతుంది, మూడు ప్రయాణాలది 7.3 జరుగుతుంది, బోర్డు మీది లీకు అసలు జరగదు.

ఖర్చు: 22,450 + 1,100 = రూ. 23,550.
దొంగ ఎకోలు: 4. తేలినవి: 4.

దశ 6: మిల్లీమీటర్లు

84 డీబీ ఊరికే అనుకున్నది కాదు. 500 మీటర్ల తేలే పలకకు లెక్క: వ్యాపనం వల్ల 87, మంచు పీల్చుకోవడం కిలోమీటరుకు 10 చొప్పున రాకపోకలకు 10, సముద్రపు నీటి దగ్గర పరావర్తనంలో 3, రెండు యాంటెన్నాలు కలిసి 16 తిరిగి ఇస్తాయి. నికరం 84. బల్ల మీద: డ్రమ్ము 35, మ్యాచింగ్ ప్యాడ్లు 11.4, మామూలు ప్యాడ్లు 38. మొత్తం 84.4 డీబీ.

వరసగా 100 స్వీపులు తీస్తే ఫేజ్ చెదురు (ప్రామాణిక విచలనం) 0.06 డిగ్రీలు, అంటే 0.05 మి.మీ. కానీ పొద్దున పెట్టిన కొలత మధ్యాహ్నానికి 11 డిగ్రీలు జరిగింది: 8.6 మి.మీ. లేని కరుగుదల. డ్రమ్ములో 300 మెగాహెర్ట్జ్ తరంగాలు 372 పడతాయి, మొత్తం 1,34,000 డిగ్రీలు. గది వేడికి కేబుల్ 82 పీపీఎం (మిలియన్‌లో 82 వంతులు) మారితే చాలు, ఈ 11 వచ్చేస్తుంది. చిన్న ప్యాచ్ తీగ మీద అదే సమయంలో జరుగుడు దాదాపు లేదు, కాబట్టి తప్పు బోర్డుది కాదు, డ్రమ్ముది. థర్మోకోల్ పెట్టెలో పెట్టి, రాత్రంతా వదిలేసి, తెల్లవారుజామున కొలవడం తప్ప చేయగలిగింది లేదు.

చివరి పరీక్ష, తెలిసిన మార్పు పెట్టి చూడటం:

1. స్వీపులు 20, సగటు ఫేజ్.
2. 50 ఓంల వైపు 20 మి.మీ. పొడవున్న ఎస్‌ఎంఏ అడాప్టర్ ఒకటి కలపాలి. లోపల టెఫ్లాన్, వేగ గుణకం 0.7, ఆలస్యం 95 పికోసెకన్లు.
3. మళ్లీ స్వీపులు 20.
4. అడాప్టర్ తీసేసి ఇంకోసారి. మొదటి కొలతకు తిరిగి రాకపోతే మధ్యలో వేడి జరిపినట్టే, మొత్తం పారేయాలి.

రావలసింది 10.3 డిగ్రీలు, 8 మి.మీ. మంచుకు సమానం. వచ్చింది 10.1. కనెక్టర్ బిగింపు తేడా ఒక్కటే ఆ 0.2 డిగ్రీలను మింగేయగలదు. టార్క్ రెంచి లేకుండా చేత్తో బిగిస్తే ఇంతకంటే మెరుగు ఆశించవద్దు.

ఖర్చు: 23,550 + 250 = రూ. 23,800.

దశ 7: డ్రమ్ము చెప్పలేనివి

డ్రమ్ములో ఒకే వేగం. నిజమైన పలక పైన గట్టిపడని పాత మంచు ఉంటుంది. అందులో గాలి ఎక్కువ, తరంగం వేగంగా పోతుంది. 168తోనే లెక్కిస్తే మందం తక్కువ వస్తుంది, అందుకే అంటార్కిటికా కొలతల్లో సుమారు 10 మీటర్లు కలపడం వాడుక.

ఫేజ్ 28 సెంటీమీటర్లకోసారి మళ్లీ సున్నాకు వస్తుంది. కొన్ని పలకల కింద ఏడాదికి మీటర్ల లెక్కన కరుగుతుంది కాబట్టి ఏడాదికోసారి వెళ్లి కొలిస్తే ఎన్ని చుట్లు తిరిగిందో తేల్చడం కష్టం. పరికరాన్ని అక్కడే వదిలేసి రోజుకు కొన్నిసార్లు నడిపించేది అందుకే.

అడుగు ఎకో జరిగినంతా కరుగుదల కాదు. పలక సముద్రంలోకి సాగుతూ పలచబడుతుంది. లోపలి పొరల ఎకోలు లోతును బట్టి ఎంతెంత జరిగాయో గీసి, ఆ గీతను అడుగుదాకా పొడిగించి, అడుగు జరిగిన దాంట్లోంచి తీసేస్తే మిగిలేది కరుగుదల. దీన్ని బల్ల మీద పరీక్షించాలంటే డ్రమ్ము మధ్యలో కూడా చిన్న పరావర్తనాలు కావాలి. దశ 3లో ఇంత కష్టపడి తీసేసిన 75–50 అతుకునే ఇప్పుడు కావాలని పెట్టాలి: 60, 130, 210 మీటర్ల దగ్గర కోసి, ఒక్కోచోట 10 సెంటీమీటర్ల ఆర్‌జీ-58 ముక్క. ఇంత చిన్న ముక్కలో రెండు అతుకుల పరావర్తనాలు పాక్షికంగా కొట్టేసుకుంటాయి, అది 200 దగ్గర ఎక్కువ, 400 దగ్గర తక్కువ. పైగా ఇప్పటిదాకా ఒక చివర పంపి రెండో చివర తీసుకున్నాం. పొరలు కనిపించాలంటే ఒకే చివర నుంచి రెండూ జరగాలి, అంటే వెళ్లేదాన్ని, వెనక్కి వచ్చేదాన్ని విడదీసే డైరెక్షనల్ కప్లర్ కావాలి. 305 మీటర్ల అవతలి చివర నుంచి వచ్చేదానికి నష్టం రానూపోనూ 70 డీబీ అవుతుంది. ప్యాడ్లు 38 నుంచి 3కి తగ్గించి చూస్తున్నాం. కేబుల్ ఇంకా కోయలేదు.